మామిడికి చెత్త హోదా

మామిడి తొక్కలో, టెంకలో సంపద దాగి ఉందని, పళ్ల వ్యర్థాలతో చిత్తూరు జిల్లా తలరాతే మారిపోతుందని పెద్దలు సెలవిస్తున్నారు. మీరూ చదివే ఉంటారు. అబద్ధమేం కాదు. తొక్కలోంచి తీసే పెక్టిన్‌తో జామ్ గట్టిపడుతుంది. టెంకలోని జీడి నుంచి తీసిన కొవ్వును చాక్లెట్‌లో కొద్దిగా కలుపుకోవచ్చని యూరప్ చట్టమే ఒప్పుకుంది. అంతా బాగుంది. తొక్కకీ టెంకకీ మధ్య ఇంకోటేదో ఉండాలే, దాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

అందుకే నాదో విన్నపం. తోతాపురి మామిడికి తక్షణం చెత్త హోదా ప్రకటించాలి.

కాయగా ఉన్నన్నాళ్లూ దాన్ని పలకరించే నాథుడు లేడు. అదే చెత్త అయితేనా! పాలసీ ఉంటుంది, రాయితీ ఉంటుంది, స్టార్టప్ కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని తోటకే వస్తారు. కోస్తా వైపు ఈ కాయను కలెక్టర్ కాయ అంటారు. వచ్చే సోమవారం ఆ కలెక్టరే కలెక్టరేట్‌కు వెళ్లి గ్రీవెన్స్ క్యూలో నిలబడాలి. ‘‘అయ్యా, పుట్టడం పండుగానే పుట్టాను గానీ బతుకంతా చెత్తగానే గడిచింది. దయతలచి ధ్రువపత్రం ఇప్పించగలరు.’’

అడగ్గానే ఇచ్చేస్తారా? సచివాలయంలో దరఖాస్తు, ఈకేవైసీ, క్షేత్రస్థాయి విచారణ. కమిటీ వచ్చి వాసన చూస్తుంది. ‘‘ఇంకా తియ్యదనం పోలేదు. నాలుగు రోజులు ఎండలో ఉంచి మళ్లీ తీసుకురండి’’ అని వెనక్కి పంపుతుంది. ఈగలు ముసిరిన కాయకు తొలి ప్రాధాన్యం. సాక్షి సంతకం ఆ ఈగలదే. దొంగ సర్టిఫికెట్లతో మంచి కాయలు చెత్త కోటాలో దూరుతున్నాయని ఈలోగా విజిలెన్స్ విచారణ. కర్ణాటక కాయ వచ్చి మన కోటా కొట్టేయకుండా సరిహద్దులో చెక్‌పోస్టు. 2025లో ఆ కాయను ఆపిన అనుభవం ఎటూ ఉంది. అన్నీ కుదిరాక రైతు కూడా అదే ఫారం వెనకవైపు తన వివరాలు నింపుకోవచ్చు. ఫీజు కలిసొస్తుంది.

నాలుగు రోజులు ఎండలో ఉంచడం మాత్రం నా కల్పన కాదు. 2025 సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. రైతు ట్రాలీ కిందే పడుకున్నాడు. పైన కాయ కుళ్లింది. కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, కలిపి 12 రూపాయలన్నారు. ఫ్యాక్టరీల 8 రూపాయల కోసం కాయ దించిన రైతే రోడ్డెక్కి ధర్నా చేయాల్సొచ్చింది. కోత కూలి కూడా గిట్టక కాయల్ని రోడ్డు మీద పారబోశారు. ఏ చెట్టూ చెత్త కాయలేదు. గేటు తెరవకుండా కూర్చున్నవాళ్లు, తెరిపించాల్సి ఉండీ చూస్తూ ఊరుకున్నవాళ్లు కలిసి తయారుచేసిన చెత్త అది. ఇప్పుడు దాన్నుంచే సంపద తీస్తారట! ముందు ఒప్పుకున్న 8 రూపాయలు రైతు చేతిలో పెట్టించండి. కాయ దించేందుకు ఇచ్చే టోకెన్ మీద ఏ తేదీ రాశారో ఆ రోజే దించుకోండి. టెంకల మీద సదస్సు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.