‘సముద్రం నడక దూరం’: టీకా తాత్పర్య సహితము

మూలము: “ఇల్లు అద్దెకు ఇవ్వబడును. సముద్రం నడక దూరం. గాలి, నీళ్ళు కలవు. చిన్న కుటుంబానికి మాత్రమే. లోపల అడగవలెను.”

అవతారిక: భీమిలిలో గడియార స్తంభానికి కాస్త ఇవతల, సముద్రం వైపు దిగే ఒక వీధిలో, ఇనప గేటుకు తీగతో కట్టిన రేకు మీద ఉన్న గ్రంథమిది. గ్రంథకర్త మా ఇల్లుగలావిడ. రచనాకాలం 2014 అక్టోబరు 12 తర్వాత. ఎందుకంటే అంతకు ముందున్న రేకు హుద్‌హుద్ తుపానులో ఎగిరిపోయిందని ఆవిడే సెలవిచ్చారు. మూడేళ్ళ కిందట ఈ అయిదు వాక్యాలూ నమ్మే నేను కింది వాటాలో దిగాను. ఇప్పుడు పై వాటా ఖాళీ అయింది, అదే రేకు మళ్ళీ గేటెక్కింది. ఇంతటి గూఢ రచనకు ఇన్నాళ్ళూ వ్యాఖ్యానం లేకపోవడం లోటనిపించి పూనుకున్నాను.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెదకు సీమ వాడైన మల్లినాథ సూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన కాళిదాసుకు రాశాడు గనుక చెల్లింది. అద్దె బోర్డుకు రాసేవాడు ఆ నియమం పట్టుకుంటే మునిగిపోతాడు. అద్దె బోర్డులో అసలు సంగతంతా రాయనిదాంట్లోనే ఉంటుంది.

పాఠాంతరము: ‘మాత్రమే’ అన్న మాటలో మొదటి రెండక్షరాలను ఉప్పుగాలి తినేసింది. ‘చిన్న కుటుంబానికి ...మే’ అని మాత్రమే మిగిలింది. వీధి చివర ఇస్త్రీ బండి అతను దీన్ని ‘చిన్న కుటుంబానికి మేలు’ అని పూరించుకుని చదువుతాడు. పాఠం సొగసుగానే ఉంది గాని గ్రంథకర్త ఆమోదం లేదు.

ప్రతిపదార్థము: ఇల్లు = స్పష్టము. అద్దెకు = ఇదీ స్పష్టమే, ప్రతి నెలా అయిదో తారీఖున మరీ స్పష్టము. ఇవ్వబడును = కర్మణి ప్రయోగము. అడ్వాన్సు కూడా తిరిగి ఇవ్వబడునా అన్న విషయంలో మూలం మౌనం వహించింది.

సముద్రం = బంగాళాఖాతము. చూచుటకు అని అర్థం చెప్పుకోవాలి, ఈదుటకు కాదు. ఈ తీరంలో అల పైకి ఎంత మెత్తగా కనిపించినా వెనక్కి పోయేటప్పుడు కాలికింది ఇసుకను లాగేస్తుంది. ఊళ్ళో పుట్టినవాళ్ళు ఒడ్డునే కూర్చుని మరమరాలు తింటారు, ఆదివారం కార్లలో వచ్చినవాళ్ళు ప్యాంట్లు మడిచి దిగుతారు. ఎవరికి సముద్రం తెలుసో అక్కడే తేలిపోతుంది.

నడక దూరం = ఇక్కడే వ్యాఖ్యాతలు తలలు పట్టుకున్నారు. నడక సరే, ఎవరి నడక? వాక్యంలో కర్త లేడు. ‘అద్దెకున్నవాడు’ అని అధ్యాహారం చేసుకోవాలని నా మతం. సముద్రమే కర్త అని ఇల్లుగలావిడ మతం. “హుద్‌హుద్ నాడు మనం ఎక్కడికీ నడవలేదు బాబూ, అదే నడిచొచ్చేలా ఉంది,” అంటారావిడ. కోత పడిన ఒడ్డును చూసినప్పుడల్లా ఆవిడ అన్వయానికే బలం కనిపిస్తుంది.

ఇక దూరం ఎంత? గేటు నుంచి ఇసుక దాకా నా అడుగులు ఆరువందల ఇరవై, అంటే అయిదు నిమిషాలు. కానీ ఈ మూడేళ్ళలో ఒక్కనాడూ అయిదు నిమిషాల్లో చేరలేదు. గేటు తీయగానే ఎదురింటి అరుగు మీది పెద్దాయన “ఏటి బాబూ, ఎటెల్తన్నారు?” అంటారు.

పూర్వపక్షము: చేతిలో తువ్వాలు ఉంది, కాళ్ళకు చెప్పులు లేవు, ముఖం తూర్పుకు ఉంది, వీధి చివర సముద్రం తప్ప మరేమీ లేదు. ఇన్ని గుర్తులుండగా ఎటు వెళ్తున్నావని అడగడం వ్యర్థం కదా?

సమాధానము: కాదు. ఇది ప్రశ్నార్థకంగా ఉన్న నమస్కారము. “సముద్రానికండి” అని జవాబివ్వడం విధి. “మీకు తెలీదా?” అనడం మహాపాపం. నేను దిగిన కొత్తలో ఒకసారి అన్నాను. వారం రోజులు అరుగు నాతో మాట్లాడలేదు.

అరుగు దాటితే చేపల గంపతో కూర్చున్న ఆమె. “కోనాం లేదు బాబూ, కవళ్ళున్నాయి, ఒట్టుకెళ్ళండి.” కవళ్ళ వెండిపొట్టు ఆమె మోచేతి దాకా అంటుకుని ఉంటుంది. వచ్చేటప్పుడు తీసుకుంటానంటే నమ్మదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడవల వేట నిషేధం ఉన్న అరవై ఒక్క రోజులూ, ఆ గంప దాదాపు ఖాళీ. అప్పుడు కూడా ఆమె అక్కడే కూర్చుని, ఏమీ అమ్మకుండానే నన్ను పది నిమిషాలు ఆపుతుంది. అందుచేత నిఘంటువులో ‘నడక’ అంటే పాదములను కదిలించుట అని ఉన్నా, భీమిలి వాడుకలో ఆగుచు ఆగుచు పోవుట అని రూఢి.

ఆగడానికి మనుషులే కాదు, ఊరూ కారణమే. బండి మీద పోతే డచ్చివారి శ్మశానం ఒక పాత గోడ. నడిచి పోతే, పదిహేడో శతాబ్దంలో సరుకు కోసం వచ్చి, ఊరిని 1825లో ఇంగ్లీషువారికి అప్పగించి పోయిన జాతి వదిలిన సమాధులు. మనదేశంలోని అతి పాత మునిసిపాలిటీల్లో మాది ఒకటి, 1861 నాటిది. ఇప్పుడు మహా విశాఖలో ఒక జోను. మా వీధి కాలువ మీది బండలు మాత్రం ఏ పాలననూ గుర్తించవు, కింద చూసుకుని నడవవలెను.

ఒక దృష్టాంతము. హైదరాబాదు నుంచి వచ్చిన మా బావమరిది, “కారుండగా నడవడమేంటి బావా?” అని ఆదివారం సాయంత్రం తాళాలు తీశాడు. నేను నడిచాను. ఒడ్డుకు చేరి, అలివి వల లాగుతున్నవాళ్ళను చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు కాసేపు తిరిగి ఇంటికొచ్చేసరికి అతను ఇంకా బీచ్ రోడ్డులో చోటు వెతుకుతున్నాడు. పాతిక కిలోమీటర్ల అవతల విశాఖలో ఉన్న కార్లన్నీ ఆ పూట అక్కడే ఉన్నాయట. అంతదూరం వచ్చి, వాటిలోనివాళ్ళు చాలామంది చివరి రెండొందల అడుగులూ నడవలేక వెనక్కి తిరిగారు.

గాలి = రెండు విధములు. పగలు నేల ముందు వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి జొరబడుతుంది. రాత్రి నేల ముందు చల్లారుతుంది గనుక గాలి ఇటునుంచి అటు మళ్ళుతుంది. గ్రంథకర్త దాచిన మూడో విధము ఉప్పుగాలి. అది ఇనుము మీద కూర్చుని తేమను పట్టుకుంటుంది, ఆ తడిలో తుప్పు తీరిగ్గా పని చేసుకుంటుంది. మా గేటు తాళానికి నెలకోసారి కొబ్బరినూనె పోయాలి, లేకపోతే తాళంచెవి లోపలే విరుగుతుంది. విరిగింది కూడా. స్విచ్చిబోర్డు మరలు వేలితో నలిపితే ఎర్రటి పొడి. ఉప్పు డబ్బాలో ఉప్పు చెమరుస్తుంది, వేయించిన అప్పడం పప్పు కలుపుకునేలోగా మెత్తబడుతుంది. ఈ ఊళ్ళో ఇనుము మనిషికన్నా ముందు ముసలిదవుతుంది.

నీళ్ళు కలవు = ‘ఉప్పు’ అను విశేషణము అధ్యాహార్యము. బోరువి ఒళ్ళు కడుక్కోవడానికి, ఇరవై లీటర్ల టిన్ను తాగడానికి.

చిన్న కుటుంబానికి = ఇది కవిసమయం. మేం ముగ్గురమే దిగాం. మొదటి మే నెలలో పదకొండుమందిమి అయ్యాం. సముద్రానికి నడక దూరంలో ఇల్లున్నవాడికి చుట్టరికాలు ఎన్ని తరాల వెనకనుంచైనా తోడుకుని వస్తాయి. అందరినీ 900కె బస్సు ఎక్కించి పంపాక, ఇంట్లో ప్రతి మూలా గుప్పెడు ఇసుక.

తాత్పర్యము: పైదంతా.

లోపల అడగవలెను = రేకు మీద ఫోన్ నంబరు లేదు. ఉంటే జనం గేటు దగ్గర ఆగకుండా ఫోన్లోనే బేరమాడతారని ఆవిడ ఆక్షేపణ. వచ్చి, నుంచుని, ఊరూ పేరూ చెప్పుకుని, ఆవిడ ఇచ్చే మజ్జిగ తాగాకే అద్దె మాట. పై వాటా ఇంకా ఖాళీగానే ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం తలుపు కొట్టకండి, ఆవిడ నిద్రలో ఉంటారు.