ఇరవై వికెట్ల లెక్క: ఒక ఎర్ర బంతి ఆత్మకథ

నేను టెస్టు మ్యాచుల్లో ఆడే ఎర్ర బంతిని. లోపల కార్కు, దాని మీద బిగించి చుట్టిన దారం, పైన ఎర్ర రంగు వేసిన నాలుగు తోలు ముక్కలు, నడుం చుట్టూ ఆరు వరసల కుట్లు. ఇదీ నా ఒళ్లు. తూకం 156 గ్రాములకు తగ్గకూడదు, 163 దాటకూడదు. మా వంశంలో పేరున్న శాఖలు మూడు. మీరట్‌లో పుట్టే ఎస్‌జీకీ, ఇంగ్లండు డ్యూక్స్‌కీ కుట్లన్నీ చేత్తోనే వేస్తారు. ఆస్ట్రేలియా కూకబురాకు లోపలి రెండు వరసలే చేతి కుట్టు, మిగతావి మిషన్ మీద పడతాయి. అందుకే కూకబురా కుట్టు త్వరగా అణిగిపోతుంది, వేలికి పట్టు తగ్గిపోతుంది. ఈ సంగతి ముందు ముందు అవసరమవుతుంది. మైదానంలో నా పరువం 80 ఓవర్లు. మొదట్లో ఫాస్ట్ బౌలర్ నన్ను ప్యాంటుకేసి రుద్ది ఒక పక్క మెరుపు నిలబెడతాడు, రెండో పక్క గరుకెక్కుతుంది. తోలు మెత్తబడ్డాక స్పిన్నర్ చేతికి వస్తాను. 80 ఓవర్లు నిండాక ఫీల్డింగ్ కెప్టెన్ అడిగితే కొత్త బంతి వచ్చి నా చోటు తీసుకుంటుంది. వికెట్ తియ్యడానికే నేను పుట్టాను. క్రికెట్‌లో అందరికన్నా విజయవంతమైన కెరీర్ ఎవరిదన్న వాదనలో నేను బౌలర్ల తరఫున నిలబడుతున్నాను, లెక్కలు పెట్టే నిలబడుతున్నాను.

ఈ వాదన ఎక్కడ మొదలైనా ముందు వినబడేది బ్యాటర్ల పేర్లే. బ్రాడ్‌మన్ సగటు 99.94, సచిన్ 200 టెస్టుల్లో 15,921 పరుగులు, వంద అంతర్జాతీయ సెంచరీలు: ఈ అంకెలు మన ఇళ్లల్లో పిల్లలకు కూడా నోటికొచ్చు. కుంబ్లే 619 వికెట్లు ఎంతమందికి నోటికొస్తాయి? పరుగు కంటికి ఆనుతుంది, బౌండరీకి చప్పట్లు పడతాయి, సెంచరీకి బ్యాట్ పైకెత్తుతారు. అయితే టెస్టు మ్యాచ్ గెలవడానికి పరుగులొక్కటే చాలవు. అవతలి జట్టు డిక్లేర్ చేస్తే తప్ప, ఇరవై వికెట్లూ పడాల్సిందే. పరుగులు ఎన్ని కొండల్లా పేరుకున్నా ఆ ఇరవయ్యీ పడకపోతే మ్యాచ్ డ్రా అవుతుంది, లేదంటే చేజారిపోతుంది. 2004 ఏప్రిల్‌లో ఆంటిగ్వాలో ఇంగ్లండుపై లారా 400 నాటౌట్ కొట్టాడు. వెస్టిండీస్ 5 వికెట్లకు 751 చేసింది. మ్యాచ్ డ్రా. అంతకన్నా గట్టి సాక్ష్యం 2001 చివర్లో శ్రీలంకలో ఉంది. మూడు టెస్టుల్లో లారా ఒక్కడే 688 పరుగులు చేశాడు. కొలంబోలో జరిగిన మూడో టెస్టులో అతని స్కోర్లు 221, 130. ఒకే మ్యాచ్‌లో 351 పరుగులు చేసిన మనిషి జట్టు పది వికెట్ల తేడాతో ఓడింది, సిరీస్ 3-0తో పోయింది. ఆ సిరీస్‌లో వాస్ 26, మురళీధరన్ 24 వికెట్లు తీశారు. లారా ఆట చూసి మనసు పొంగనివాళ్లుండరు, నాకూ పొంగుతుంది. కానీ సిరీస్ ఎటు పోయిందో నిర్ణయించింది ఆ యాభై వికెట్లే.

మన హైదరాబాదు మణికట్టు మాయకే వద్దాం. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281 కొట్టాడు. 274 పరుగుల వెనుకబాటుతో ఫాలోఆన్ ఆడిన భారత్ 7 వికెట్లకు 657 దగ్గర డిక్లేర్ చేసింది. అంత గొప్ప ఇన్నింగ్స్ మన దేశంలో మరొకటి లేదనే వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ఆఖరి రోజు ఆస్ట్రేలియా 212కు కుప్పకూలకపోతే అది గొప్ప డ్రాగా మిగిలేది. రెండో ఇన్నింగ్స్‌లో ఆరు, మ్యాచ్ మొత్తంలో 13 వికెట్లు తీసిన హర్భజన్ దాన్ని గెలుపుగా మార్చాడు. భారత్ తరఫున మొదటి టెస్టు హ్యాట్రిక్ కూడా ఆ మ్యాచ్‌లోదే. 2025 ఆగస్టులో ఓవల్‌లోనూ అదే కథ. చివరి రోజు ఇంగ్లండుకు కావలసినవి 35 పరుగులు. మన హైదరాబాదు సిరాజ్ ఆ ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసి, అట్కిన్సన్‌ను యార్కర్‌తో బౌల్డ్ చేస్తే గెలుపు తేడా ఆరు పరుగులే. ఆ ఉదయం ఒక్క గంట బౌలింగ్ సిరీస్‌ను సమం చేసింది.

కాబట్టి నా కొలత ఇది: జట్టు గెలవడానికి కావలసిన పనిని ఒక ఆటగాడు ఎంత చేశాడు, ఎన్నేళ్లు చేశాడు, అతను లేనప్పుడు ఆ జట్టు ఏమైంది? సిడ్నీ బార్న్స్ 27 టెస్టుల్లోనే 189 వికెట్లు తీశాడు. మార్షల్ 376 వికెట్ల సగటు 20.94. హ్యాడ్లీ చిన్న దేశం బరువు ఒంటరిగా మోసి 431 తీశాడు. వార్న్ 708. వీళ్లలో ఎవరి పేరు చెప్పినా కాదనడం కష్టమే. నా లెక్కలో వీళ్లందరికన్నా పైన నిలిచేది ముత్తయ్య మురళీధరన్. 133 టెస్టులు, 800 వికెట్లు, సగటు 22.72. ఐదు వికెట్లు 67 సార్లు, మ్యాచ్‌లో పది వికెట్లు 22 సార్లు. టెస్టుల్లో అతను వేసిన బంతులు 44,039. సొంతగడ్డ మీద అతను ఎక్కువగా వేసింది కూకబురా బంతే. కుట్టు అణిగిపోయాక వేళ్ల స్పిన్నర్లు చాలామంది చేతులెత్తేస్తారు. అతను మణికట్టుతో తిప్పేవాడు కాబట్టి, కుట్టు తడిమినా తగలని పాత బంతి కూడా గాలిలో బొంగరంలా తిరుగుతూ వెళ్లి నేలమీద కొరుక్కునేది. 1982లో టెస్టులు మొదలుపెట్టిన శ్రీలంక, 1992 ఆగస్టులో మురళీధరన్ అడుగుపెట్టే దాకా గెలిచినవి రెండే. అతను రిటైరయ్యేనాటికి ఆ దేశం ఖాతాలో 61 గెలుపులుంటే, వాటిలో 54 అతను ఆడినవి. ఆ 54 మ్యాచుల్లో అతని వికెట్లు 438, అంటే గెలిచిన ప్రతి మ్యాచ్‌లో సగటున ఎనిమిది.

మొదటి అభ్యంతరం బ్రాడ్‌మనే, అది చిన్నది కాదు. తోటివాళ్లకు అంత దూరంలో నిలిచిన మనిషి ఏ ఆటలోనూ అరుదు. ఆయన ఆడిన 52 టెస్టుల్లో ఆస్ట్రేలియా 30 గెలిచింది. గొప్ప బ్యాటర్ ఎవరంటే ఆయన పేరే చెబుతాను. కానీ ఆయన పరుగులను గెలుపులుగా మార్చడానికి గ్రిమ్మెట్, ఓరైలీ ఉన్నారు, యుద్ధం తర్వాత లిండ్‌వాల్, మిల్లర్ ఉన్నారు. 1948లో ఆయన వెళ్లిపోయాక అదే జట్టు దక్షిణాఫ్రికాలో 4-0, ఆ వెంటనే ఇంగ్లండు మీద 4-1తో గెలిచింది. రెండోది సొంత పిచ్‌ల మాట. మురళీధరన్ 493 వికెట్లు స్వదేశంలోవి, నిజమే. బయట 60 టెస్టుల్లో తీసిన 307 కూడా చాలామంది కెరీర్ మొత్తం కన్నా ఎక్కువ. 1998లో ఓవల్‌లో ఒక్కడే 16 వికెట్లు తీసి ఇంగ్లండు గడ్డపై తన దేశానికి మొదటి టెస్టు గెలుపు తెచ్చాడు. భారత్‌లో అతని సగటు 45, నిజమే. అదే భారత్‌లో వార్న్ సగటు 43. మన బ్యాటర్ల ముందు ఇద్దరూ కష్టపడ్డారు. ఆస్ట్రేలియాలో మాత్రం మురళీధరన్ ఐదు టెస్టుల్లో 12 వికెట్లే తీశాడు. అది అతని రికార్డులో నిజమైన మచ్చ, దానికి నా దగ్గర జవాబు లేదు. మూడోది చిన్న జట్ల మాట. జింబాబ్వే, బంగ్లాదేశ్‌లపై తీసిన 176 తీసేసి చూడండి. 108 టెస్టుల్లో 624 మిగులుతాయి, అంటే మ్యాచ్‌కు సుమారు 5.8. వార్న్‌కు అదే లెక్క వేస్తే 4.9. నాలుగోది, పక్కన పోటీ లేదు కాబట్టి వికెట్లన్నీ అతనికే దక్కాయంటారు. పక్కన మెక్‌గ్రాత్ లాంటివాడు లేకపోతే అవతలి బ్యాటర్లకు పని సులువు. ఒక్క బౌలర్‌ను ఆచితూచి ఆడి, మిగతావాళ్ల దగ్గర పరుగులు చేసుకోవచ్చు. అలా ఆడాలని వచ్చినవాళ్లను కూడా అతను అవుట్ చేశాడు.

చేతి వంపు గురించీ చెప్పాలి. 1995 డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో, చేయి వంచి విసురుతున్నాడంటూ మురళీధరన్ మీద నోబాల్స్ పిలిచారు. అతని మోచేయి పుట్టుకతోనే పూర్తిగా చాపడానికి రాదు. తర్వాత ఎన్నోసార్లు పరీక్షలు జరిగాయి, 2004లో మోచేతికి గట్టి కట్టు బిగించుకుని కెమెరాల ముందు బంతులు వేసి చూపించాడు. ఇతర బౌలర్లను కూడా ఆధునిక కెమెరాలతో కొలిస్తే చాలామంది చేయి ఎంతోకొంత వంగి సాగుతోందని తేలింది. మోచేయి సాగడానికి 15 డిగ్రీల హద్దు 2005లో అందరికీ ఒకటే అయింది. ఒక మనిషి కోసం నిబంధన మార్చారనేవాళ్లు ఈ కొలతల సంగతి మాట్లాడరు. నియమాలు కొలతల మీద నడవాలి, అనుమానం మీద కాదు.

వన్డేలు ఆడే మా తెల్ల బంతితో అతను తీసిన 534 కూడా రికార్డే. కానీ అక్కడ పది వికెట్లు తియ్యకుండానే గెలవొచ్చు, అందుకే ఈ తీర్పులో దాన్ని కలపలేదు. 2010 జులైలో గాలెలో, టెస్టు కెరీర్ ఆఖరి బంతికి, హైదరాబాదు రంజీ జట్టుకూ ఆడిన ప్రజ్ఞాన్ ఓఝాను స్లిప్‌లో దొరికించి అతను 800 పూర్తి చేశాడు. ఆ మ్యాచ్ శ్రీలంక గెలిచింది. సంగక్కర, జయవర్దనే, దిల్షాన్ ముగ్గురూ జట్టులో ఉన్నా, తర్వాతి టెస్టు గెలుపుకు ఆ దేశం 2011 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. నా ఓటు మురళీధరన్‌కే.