నిలుపుదల నోటీసునకు టీకాతాత్పర్యములు

మూలము: “ఈ ఫీచరునకును ఈ ప్లాట్‌ఫారమునకును సపోర్టు నిలిపివేయుటకు నిర్ణయింపబడినది. దీనిని వాడువారు అత్యల్పులు. వినియోగదారులు క్రొత్త వెర్షనునకు మాఱవలసినదిగా కోరబడుచున్నారు.”

అవతారిక: శాస్త్రగణనమునకు వాడుకలోనున్న సాఫ్ట్‌వేరు ఆఱునెలలకో యేడాదికో యొకమాఱు నూతనావతార మెత్తుచుండగా, ప్రతి యవతారమునందును ఏదో యొక పాత ప్రయోగమో, ఏదో యొక పాత యంత్రమో బహిష్కృతమగుచుండును. ఆ బహిష్కారమును లోకమున కెఱిగించు వాక్యత్రయమే పైని మూలము. ఇది ఏ యొక్కరి రచనయు గాదు. అందఱును వాడుచున్నారు, ఎవరును తమదని యొప్పుకొనరు. కావున దీనిని అపౌరుషేయ మనుటకు సంశయింప నక్కఱలేదు.

పదవిభాగము సుగమము. నిరాధారమైనది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసి కాళిదాసకావ్యములకు వ్యాఖ్య రచించిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే యయ్యును, ఆ ప్రతిజ్ఞలో రెండవ భాగమును పాటించు శక్తి ఈ వ్యాఖ్యాతకు లేదు.

‘నిర్ణయింపబడినది.’ కర్త యెవడు? క్రియ యున్నది, నిలిచిపోయిన ఫీచరు ఎదుట నున్నది, కర్తృపదము మాత్రము అధ్యాహారమునకైన దొరకదు. సమితి కూడి తీర్మానించినదా, అర్ధరాత్రమున ఒంటిగా కూర్చుండి విసిగిన సంరక్షకుడు చేసినదా యని తెలియదు. తెనుగున కర్మణిప్రయోగము అరుదని పెద్దలు చెప్పుచుండగా, నోటీసులయందు మాత్రమది విచ్చలవిడిగా విహరించుటకు హేతువు గలదు: ‘బడు’ వచ్చి చేరిన క్షణముననే చేసినవాడు వాక్యమునుండి తప్పుకొనును.

‘నిలిపివేయుట’ యనగా లోపము. పాణినీయమున లోపమనగా అదర్శనమే గాని విధ్వంసము గాదు. ప్రత్యయము లోపించినను తన్నిమిత్తమగు కార్యము జరిగియే తీఱును. ఈ సూక్ష్మమును గ్రహించినవారు ఫోర్ట్రాను భాషా ప్రమాణకర్తలు. ఒక సంఖ్య ఋణమో, శూన్యమో, ధనమో చూచి ప్రోగ్రామును మూడు త్రోవలలో నొకదానికి పంపు గణిత ‘ఇఫ్’ వాక్యము 1957 నుండి అందున్నది. అది 1991లో వెలువడిన ఫోర్ట్రాను 90 ప్రమాణమున జీర్ణప్రాయముల పట్టిక కెక్కి, ఫోర్ట్రాను 2018 నాటికి గాని తొలగింపుల పట్టికకు దిగలేదు. దిగిన పిమ్మట నేమైనది? జీఫోర్ట్రాను కంపైలరు ‘ఇది తొలగింపబడినది సుమా’ యని యొక వార్నింగు చెప్పి, యథాపూర్వముగా దానిని నడుపుచున్నది. ప్రత్యయము పోయెను, కార్యము నిలిచెను.

లోపప్రసంగము వచ్చినది గనుక మన యక్షరములమాట. ఌకార ౡకారములు, దంత్యములైన ౘ ౙలు, నకారపొల్లు, అరసున్న: వీనికి నోటీసు వేసినవారెవరు? వ్రాయువారు క్రమముగా మానిరి, అచ్చుకూటములలో ఆ టైపు గడులు దుమ్ముపట్టెను, బడిపంతుళ్లు చూచియు చూడనట్లుండిరి; అంతియే. ఇట్లు వాడుక యుడిగినవానికి ఉద్ధారకులు అనూహ్యముగా కంప్యూటరు లోకమునుండియే వచ్చిరి. ఒకసారి చోటిచ్చిన యక్షరమును ఎన్నటికిని తొలగింపమని వ్రతము పట్టిన యూనికోడువారు 2008లో ౘ ౙలకును, 2021లో నకారపొల్లునకును ఆసనములు వేసిరి. వాడువారెందఱని వారు లెక్కింపలేదు. వ్రాసియుంచిన ప్రతులు గలవా, వానిని చదువవలసిన యవసరము గలదా యని మాత్రమే చూచిరి. బండి ఱను పట్టుకొని వ్రేలాడుచు, అరసున్నలను హాయిగా విడిచి గ్రాంథికము వ్రాయు ఈ వ్యాఖ్యాతకు వీనిపై ఇంత ప్రేమ యెక్కడిదని చదువరు లడుగుదురేమో. ప్రశ్న న్యాయమైనదే. ప్రకృతము ననుసరింతము.

హెచ్చరిక లేక తొలగించుట లేదనియు, కనీసము రెండు విడుదలలు ముందుగా చెప్పుచున్నామనియు పూర్వపక్షము. చెప్పుట నిజమే, వినబడునట్లు చెప్పిరా యనునది విచార్యము. పైథాను ప్రోగ్రామింగు భాషయందు ‘డిప్రికేషన్ వార్నింగు’ అనునది 2.7, 3.2 వెర్షనుల నుండి తెఱపై కనబడకుండునట్లే యుంచిరి, 3.7లో కొంత సడలించి, వాడుకరి స్వయముగా నడపు ముఖ్య ప్రోగ్రాముననే పుట్టినదైనచో కనబడనిచ్చిరి. ఆ భాషలో సంఖ్యాగణనమునకు వాడు నంపై లైబ్రరీవారు దీనికి తోడుగా ‘విజిబుల్ డిప్రికేషన్ వార్నింగు’ అను వేఱొకదానిని కల్పించిరి. విశేషణము వ్యర్థము గారాదు గదా! పగలు భుజింపని దేవదత్తుడు బలిసియున్నచో రాత్రి భుజించుచున్నాడని మీమాంసకు లూహించునట్లు, కనబడు హెచ్చరిక యొకటి గలదన్నంతనే తక్కినవి కనబడనివని అర్థాపత్తిచే సిద్ధించుచున్నది.

ఫలమెట్టిది? నంపైలో ‘ఎన్‌పీ.ఇంట్’, ‘ఎన్‌పీ.ఫ్లోట్’ అనునవి పైథాను సొంత ఇంట్, ఫ్లోటులకే మాఱుపేర్లుగా నుండెడివి. 2021 జనవరిలో వచ్చిన 1.20 వీనిని వలదన్నది. 2022 డిసెంబరులో వచ్చిన 1.24 తొలగించినది. ఆ నడిమి కాలమున హెచ్చరికను చూడవలసినవాడు సిద్ధాంతవ్యాసము సమర్పించి ఉద్యోగమునకు వెడలిపోయెను. అతని ప్రోగ్రామును వారసత్వముగా పొందిన విద్యార్థిని క్రొత్త కంప్యూటరుపై దానిని నడిపిననాడు హెచ్చరిక గాక ఎఱ్ఱని దోషపత్రమే ఆమెకు దర్శనమిచ్చెను. దిద్దుట నిమిషములపని. కాని ఆ ప్రోగ్రాము ఒక ప్రకటిత ఫలితమునకు ఆధారమనియు, అది నడువనినాడు ఆ ఫలితమును పరీక్షించు దారి మూసికొనిపోవుననియు తలచినవా రెందఱు?

‘అత్యల్పులు.’ ఇచ్చట నాకు పరిహాసము చాలదు. వీరిని లెక్కించినది డౌన్‌లోడులనుబట్టి. లక్షలుపోసి కొన్న సూక్ష్మదర్శినితో కూడివచ్చిన కంప్యూటరు, పరికరమును చేసినవాడు క్రొత్త డ్రైవరు వ్రాయననినందున విండోస్ ఎక్స్‌పీపైననే నిలిచి, వైరసుభయముచే ఇంటర్నెట్టునుండి విడదీయబడి, ఏ డౌన్‌లోడు లెక్కకును చిక్కక పనిచేయుచుండును. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు 2014 ఏప్రిలులో స్వస్తి చెప్పినది, పైథాను సయితము 3.5 వెర్షనుతో దానిని విడిచినది. కటకము మాత్రము ఇంకను నిర్మలముగానే చూచుచున్నది. కంప్యూటరును మార్చిన పరికరము మూగవోవును, మార్పకున్న ప్రోగ్రాము ముందునకు సాగదు. అదర్శనమును అభావముగా గణించుట తర్కమున దోషము. ఈ గణకులకు అదియే ప్రమాణము.

సంరక్షకుల పక్షమున చెప్పవలసినది చెప్పెదను. పాతయంత్ర మొక్కొక్కటి పరీక్షాభారమును పెంచును. భారము మోయువారు కొలదిమంది, అందు పలువురు జీతములేనివారు. తొలగింపు తప్పనిదైనప్పుడు పద్ధతిగా చేసిన పైథాను 2వారు గలరు: ముందు 2015 అని, 2014లో దానిని 2020కి పొడిగించి, 2020 జనవరి 1న మాట నిలిపికొనిరి. లైనక్స్ వ్యవస్థయగు సెంటాస్ 8 కథ వేఱు. అది 2029 వఱకు నడచునని నమ్మి యుండగా, 2021 డిసెంబరు 31తో సరియని 2020 డిసెంబరులో ప్రకటన వెలువడినది. దానినే చేపట్టుదుమని తమ సైంటిఫిక్ లైనక్స్‌కు ఎనిమిదవ వెర్షను చేయుట మానుకొన్న ఫెర్మిల్యాబు పరిశోధనశాలవారి నిర్ణయము అంతకుముందటి యేటిది, 2019 నాటిది.

‘మాఱవలసినదిగా కోరబడుచున్నారు.’ ఇచ్చట ‘మాఱుటకు తోడ్పడెదము, సందేహమున్న నన్నడుగుడు’ అని పాఠాంతరము గలదని కొంద ఱందురు. అట్టి ప్రతి మాకు లభింపలేదు.