వాన తక్కువ ఊరికి పెద్ద గొట్టం

కింద రాసేవన్నీ చూడగానే తలకిందుల సలహాల్లా ఉంటాయి. బేల్దారి మేస్త్రి ఒప్పుకోడు, పైపుల అంగడాయన "ఎవరు చెప్పినారు మీకు?" అంటాడు, ఇంట్లో పెద్దవాళ్లు డబ్బు దండగంటారు. అయినా మిద్దె మీద పడిన వాననీళ్లను కిందికి దించే గొట్టం గురించి పుట్టపర్తి లాంటి ఊరికి చెప్పదగ్గవి ఇవేనని నా గట్టి నమ్మకం.

అన్నిటికన్నా ముందుది: వాన తక్కువ కురిసే ఊర్లో గొట్టం పెద్దది వేయండి.

"మనకాడ వాన యాడుందన్నా, మూడించులది సాలు." కొత్త ఇల్లు లేస్తున్న ఏ వీధిలోనైనా ఈ మాట వినిపిస్తుంది. ఏడాది లెక్క చూస్తే నిజమే అనిపిస్తుంది. అనంతపురం పీఠభూమిలో ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. కోస్తాలో దాదాపు అంతకు రెట్టింపు. అయితే గొట్టానికి ఏడాది లెక్కతో పనేముంది? అది మోయాల్సింది పది నిమిషాల వానను. మన వాన చాలాసార్లు నెలంతా మబ్బులై ఊరించి తేలిపోతుంది. ఒకనాటి సాయంత్రం ఉరుములతో దిగి, ముప్పావు గంటలో బాకీ అంతా తీర్చేసి పోతుంది. 2021 నవంబరులో చిత్రావతి ఎలా పొంగి పారిందో చూసినవాళ్లు ఈ గడ్డ మీద 'వాన లేదు' అన్న మాటను నమ్ముకుని గొట్టం కొనరు.

జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో దీనికి పట్టికే ఉంది. గంటకు 100 మిల్లీమీటర్ల జోరుతో కురిసే వానలో మూడంగుళాల గొట్టం సుమారు 220 చదరపు అడుగుల మిద్దె నీళ్లను దించగలదు, నాలుగంగుళాలది 460 చదరపు అడుగుల నీళ్లను. రెండు సెంట్ల మిద్దె అంటే 870 చదరపు అడుగులు. నాలుగంగుళాలవి రెండు కావాలి, అవీ రెండు వేరువేరు మూలల్లో. ఒక్క మూడంగుళాల గొట్టంతో సరిపెట్టుకుంటే నీళ్లు మిద్దె మీదే నిలిచి, పిట్టగోడ అడుగున సందు వెతుక్కుంటాయి. కొన్నేళ్లకు గది పైకప్పు పెచ్చులూడి లోపలి ఇనుప చువ్వలు తుప్పుతో బయటపడతాయి. అప్పుడు అందరూ స్లాబును తిడతారు. తప్పు గొట్టానిది.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆ రెండు సెంట్ల మిద్దె సుమారు 81 చదరపు మీటర్లు. 550తో గుణిస్తే 44 వేల లీటర్ల పైచిలుకు. ఆవిరికీ చిందులకూ ఐదోవంతు వదిలేసినా 35 వేల లీటర్లు చేతికొస్తాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. ఎండాకాలంలో ట్యాంకరాయనకు ఫోన్ల మీద ఫోన్లు కొట్టే ఇంటికి ఏడు ట్యాంకర్లంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. కోస్తాలో గొట్టం ఊడి ఒక వాన వృథా అయితే మర్నాడు ఇంకోటి వస్తుంది. ఇక్కడ ఒక వాన పోతే ఆ ఏటి నీళ్లలో పెద్ద వాటా పోయినట్టే. అందుకే వాన తక్కువ ఊర్లో గొట్టం మీద పెట్టే ఖర్చు ఎక్కువే ఉండాలి.

1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు గొట్టాల్లో నీళ్లు తెచ్చింది. 1999లో తపాలా శాఖ దాని పేరున స్టాంపు కూడా వేసింది. ఎక్కడో తోడిన నీళ్లు ఇంత దూరం నడిచొచ్చిన సంగతి ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. మన గోడకే ఉన్న ఇరవై అడుగుల గొట్టాన్ని తలెత్తి చూసేవాళ్లు మాత్రం తక్కువ. నా బాధంతా అదే.

ఇక రిపేరు ఎప్పుడు? వానాకాలం దగ్గర పడ్డాక అంటారు అందరూ. ఉగాదికి బూజులు దులిపేటప్పుడే చేయించండి. వేప, కానుగ ఆకు రాల్చేది ఆ ముందరి వారాల్లోనే. ఆ ఆకంతా గాలికి కొట్టుకొచ్చి గొట్టం నోటి దగ్గర చేరి, ధూళితో కలిసి, ఎండకు అట్ట కడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పిడుగులతో వచ్చే మొదటి జల్లు దాన్ని కడిగేయదు, మెత్తగా నానబెట్టి మొదటి వంపులోకి దింపుతుంది. జూన్‌లో మీరు పైకెక్కి చూసేసరికి నోరు శుభ్రంగానే కనిపిస్తుంది, గొంతులో మాత్రం ముద్ద కూర్చుని ఉంటుంది. ఉగాదికి ఒకసారి, దసరాకు ముందు ఇంకోసారి మిద్దె ఊడవండి. మనకు గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కదా. నవంబరు 23 సత్యసాయి జయంతికని లాడ్జీలకు, ఇళ్లకు రంగులు వేయించేవాళ్లు మూడోసారి కూడా చూసుకోవాలి. గీకిన సున్నం పెచ్చులను చీపురుతో గొట్టంలోకే తోసేసే కూలీలున్నారు. వాళ్లననుకుని లాభం లేదు. ముందే గొట్టం నోట్లో గోనెపట్టా కుక్కి, పని అయ్యాక మరిచిపోకుండా తీసేయండి.

గొట్టం నోటికి బిగించిన బల్లపరుపు జాలీని పీకేయమంటే జనం ఉలిక్కిపడతారు. ఆకులు లోపలికి పోకుండా కదా పెట్టింది అంటారు. నాలుగు వేపాకు రెమ్మలు, ఒక పాలిథిన్ కవరు చాలు, ఆ జాలీ మూతైపోతుంది. ఆకు లోపలికి పోకుండా ఆపింది సరే, నీళ్లనూ ఆపింది. దాని బదులు బోర్లించిన గిన్నెలా పైకి లేచి ఉండే జాలీ పెట్టండి. కింద ఆకులు పేరుకున్నా పై సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. అది దొరక్కపోతే జాలీ లేకుండా వదిలేసి, వారానికోసారి ఊడ్చుకోవడం మేలు. దాంతోపాటు పిట్టగోడకు అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో ఒక బెజ్జం కొట్టించి చిన్న గొట్టం ముక్క బయటికి పెట్టండి. మంచి గోడకు బెజ్జమేంటని అడుగుతారు. అసలు గొట్టం మూసుకున్న రోజు ఆ బెజ్జం నుంచి నీళ్లు వీధిలోకి దూకుతాయి. మిద్దె చెరువు కాకుండా ఉంటుంది, మీకూ సంగతి తెలుస్తుంది. పాత మట్టి మిద్దెలకు పెట్టిన దోనెలు చేసిన పని కూడా ఇదే. ఏటా చౌడు మట్టి వేసి తొక్కిన ఆ కప్పుల మీద నీళ్లు నిలిస్తే ఇల్లే పోతుంది గనక, దోనెను గోడకు దూరంగా బాగా బయటికి చాపేవాళ్లు, కింద గంగాళం పెట్టేవాళ్లు. స్లాబు వచ్చాక ఆ భయం పోయింది, జాగ్రత్తా దాంతోనే పోయింది.

అతుకుల దగ్గరికి వద్దాం. ఎక్కువ గొట్టాలు పాడయ్యేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

అతుకులన్నీ సొల్యూషన్ పూసి గట్టిగా అంటించొద్దు. పీవీసీ గొట్టం ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పది అడుగుల గొట్టం 30 డిగ్రీల తేడాకు అయిదారు మిల్లీమీటర్లు కదులుతుంది. మన దగ్గర మే నెల మధ్యాహ్నం గోడ మీది గొట్టానికీ జనవరి తెల్లవారుజామున అదే గొట్టానికీ తేడా అంతకన్నా ఎక్కువే. ప్రతి అతుకూ అంటించేస్తే ఆ కదలికకు చోటుండదు. గొట్టం విల్లులా వంగుతుంది, క్లాంపులు గోడలోంచి ఊడొస్తాయి, లేదా మూతి దగ్గర పగులుతుంది. లోపల రబ్బరు రింగు ఉండే అతుకులు అడిగి తెచ్చుకోండి. గొట్టాన్ని అడుగంటా దూర్చి, గుర్తు పెట్టి, పది మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగించమనండి. ప్లంబరన్న ఇది లూజు పని అనుకుంటాడు. అనుకోనివ్వండి. గొట్టంలో ఒత్తిడి ఉండదు, నీళ్లు వాటంగా జారిపోతాయి అంతే, రింగు చాలు.

అలాగే చిమ్ముతున్న అతుకుకు ఎంసీల్ ముద్ద మెత్తొద్దు. ఎండిన ఎంసీల్ రాయవుతుంది, గొట్టం మాత్రం కదులుతూనే ఉంటుంది. ఒక్క ఎండాకాలానికి రెండూ విడిపోతాయి. పాత సైకిల్ ట్యూబును రెండంగుళాల పట్టీలుగా కోసి, అతుకును తుడిచి ఆరబెట్టి, లాగి పట్టుకుని పొర మీద పొర చుట్టి, తీగతో కాకుండా క్లిప్పుతో బిగించండి. సాగే గొట్టానికి సాగే కట్టే నిలుస్తుంది. చూడ్డానికి బాగోదంటే పైన రంగు వేయండి. అసలు గొట్టమంతటికీ లేత రంగు ఎమల్షన్ వేయడం మంచిది. ఎండలోని అతినీల కిరణాలకు పీవీసీ పెళుసెక్కి, సుద్దలా పొడి రాలుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాననీటి) గొట్టాల్లో వాననీళ్లకు పలచటి ఎ రకం చాలని అంగట్లో చెబుతారు. నిబంధనల ప్రకారం అది నిజమే. మీరు మరుగుదొడ్డి గొట్టాలకు వాడే మందపాటి బి రకమే కొనండి. ఎండ అన్ని ఊళ్లలో ఒకటే కాయదు.

పాత ఇళ్లకు ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాలు ఇంకా ఉన్నాయి. అవి పగిలితే సుత్తితో కొట్టి తీయించవద్దు, రంపంతో కోయించవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాతైనా ప్రాణం తీయగలదు. నీళ్లు చల్లి తడిపి, క్లాంపు విప్పి, నిలువునా అలాగే దించమనండి.

గొట్టం మూసుకుంటే పైనుంచి గడ్డపారతోనో వెదురు బొంగుతోనో పొడవడం అలవాటు. దాంతో ముద్ద ఇంకా బిగుసుకుంటుంది, వంపు పగులుతుంది. కిందినుంచి మొదలుపెట్టండి. కింద మోటారు పైపు దూర్చి నీళ్లు పైకి చిమ్మిస్తే ముద్ద వచ్చిన దారినే వదులవుతుంది. కొత్తగా వేయించేవాళ్లు ప్రతి వంపు దగ్గరా డోర్ బెండ్ పెట్టించుకుంటే ఈ తిప్పలే ఉండవు. మూత విప్పి చేత్తో తీసేయొచ్చు. అందుకే గొట్టాన్ని గోడలో పూడ్చొద్దు, అందం కోసం ముందర పలకలు కట్టొద్దు. బయట కనిపిస్తున్న గొట్టంలో చెమ్మ ఎక్కడ కారిందో కంటికి తెలుస్తుంది. గోడలో దాక్కున్న గొట్టం పగిలితే మీకు తెలిసేది పడకగది గోడ బూజు పట్టాకే.

కరువు ఊర్లో నీళ్లు పారబోయమని చెప్పడం కష్టమే. అయినా చెబుతున్నాను: నెలల తరబడి ఎండిన మిద్దె మీద పడ్డ మొదటి వాన పది, పదిహేను నిమిషాలు సంపులోకి పోనివ్వొద్దు. పావురాల రెట్ట, ధూళి, ఆకు కుళ్లు అంతా అందులోనే ఉంటుంది. గొట్టానికి కింద ఒక టీ జాయింట్ పెట్టి, మూత తీసి ఆ నీళ్లు చెట్టుకు వదలండి, తర్వాత మూత బిగించి సంపుకు మళ్లించండి. ఆ తర్వాతి నీళ్లు మాత్రం బంగారం. ఈ జిల్లాలో చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. పళ్లు గారపట్టిన, కీళ్లు బిగుసుకుపోయిన మనుషులు మన బంధువుల్లోనే ఉంటారు. వాననీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. వడగట్టి, మరిగించి తాగితే ఇంతకు మించిన నీళ్లు ఈ గడ్డ మీద లేవు. సంపుకు మూత గట్టిగా ఉండాలి, లేకపోతే డెంగీ దోమ కాపురం పెడుతుంది.

సంపు లేని ఇళ్లవాళ్లు గొట్టాన్ని నేరుగా బోరు కేసింగులోకి దించుతున్నారు. దయచేసి అది చేయొద్దు. మిద్దె మీది మురికి వడపోత లేకుండా రాతి నెరియల్లోకి దిగితే మీ బోరే కాదు, పక్కింటి బోరూ చెడుతుంది. బోరుకు కొన్ని అడుగుల దూరంలో గుంత తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక పోసి దాంట్లోకి వదలండి. 2002 నాటి వాల్టా చట్టం ఇళ్లలో వాననీటి కట్టడాల మాట ఎప్పుడో చెప్పింది; చాలా చోట్ల ప్లాను కాగితం మీద ఇంకుడు గుంత గీతే ఉంటుంది, గుంత ఉండదు. గొట్టాన్ని మురుగు కాలువకు కలపడం ఇంకా పెద్ద తప్పు. గట్టి వానకు ఆ మురుగు తిరగబడి వీధిలోకి వస్తుంది.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు ఒక్క మాట. పుట్టపర్తిలో ఏడాదిలో పది నెలలు తాళం వేసి ఉండే ఫ్లాట్లు చాలా. సొంతదారు బెంగళూరులోనో ఇంకో దేశంలోనో ఉంటాడు, మిద్దె తలుపు తాళం చెవి అసోసియేషన్ పెద్దమనిషి జేబులో ఉంటుంది, ఆయనా ఊర్లో ఉండడు. తాళం పై అంతస్తువాళ్ల దగ్గరో పెద్దమనిషి దగ్గరో ఉండాలన్నది మామూలు పద్ధతి. దాన్ని కాపలా ఉండే అన్నకు ఇవ్వండి. చీపురు కూడా మిద్దె మీదే ఉంచండి. దొంగలొస్తారని, పిల్లలు ఎక్కుతారని అభ్యంతరాలు వస్తాయి. పిట్టగోడ ఎత్తు పెంచుకోండి, ఇంకో గొళ్లెం పెట్టుకోండి. ఉరుము వినిపించగానే పైకెక్కి గొట్టం నోరు చూసొచ్చే పనికి నెలకింతని అతనికి విడిగా ఇవ్వండి, అది అందరి ఫ్లాట్ల మెయింటెనెన్స్ లెక్కలోనే రాయండి.