తంతి కింది సందు: టీకా తాత్పర్య సహితం

అవతారిక. చవకలో ఎలక్ట్రిక్ గిటారు కొన్న శిష్యుడొకడు, వేళ్లు కాయలు కాచి, ఎఫ్ కార్డు దగ్గర కంట తడిపెట్టి, "గురువుగారూ, ఈ తంతులు ఫ్రెట్ల మీద ఇంత ఎత్తున వేలాడుతున్నాయేమిటి? దించే దారి ఏది?" అని అడిగాడు. గురువుగారు ఆటవెలదిలో బదులిచ్చారు.

తంతి కింది సందు తగ్గింపఁ దలచిన
మెడను ముందు చూడు మేకు పిదప
పావు చుట్టు తిప్పి పరికింప వలెనయ్య
బిగువు మీరెనేని బీటవారు

ప్రతిపదార్థం. తంతి కింది సందు = తీగ అడుగుకూ ఫ్రెట్ నెత్తికీ నడుమనుండే ఖాళీ, లోకంలో యాక్షన్ అనబడేది; తగ్గింపన్ తలచినన్ = దించాలనుకుంటే; ముందు = తొలుత; మెడను = నెక్కును; చూడు = పరీక్షించు; పిదప = ఆ తరువాతనే; మేకు = బ్రిడ్జి మీద ఒక్కో శాడిల్‌ను మోసే రెండు బుల్లి స్క్రూలు (జాత్యేకవచనం); పావు చుట్టు తిప్పి = ట్రస్ రాడ్‌ను 90 డిగ్రీలకు మించకుండా తిప్పి; పరికింపవలెన్ = మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలవాలి; బిగువు మీరెనేని = బిగింపు హద్దు దాటిందా; బీటవారున్ = పగులుతుంది.

స్క్రూ మేకెలా అయిందంటే, యతి కోసం. దీన్ని పట్టుకుని ఎవరూ సుత్తి తీయకూడదు. "అయ్య" పాదపూరణమని కొందరు. చేయి జారబోయేవాణ్ణి ఆపే కేక అని మా మతం.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో రెండో పాదం "మేకు ముందు చూడు మెడను పిదప" అని కనబడుతుంది. గణాలు సరిపోయాయి, యతి చెల్లింది. ఛందస్సు రెంటినీ ఒప్పుకుంటుంది కానీ ఫ్రెట్లు ఒప్పుకోవు. ఆరు తంతులూ కలిసి మెడను సుమారు 40 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడికి మెడ విల్లులా వంగితే నడిమి ఫ్రెట్ల దగ్గర తంతి లేచి ఉంటుంది. ఇది చూడకుండా శాడిళ్లు దించినవాడికి పన్నెండో ఫ్రెట్ దాటాక జిర్రుమనే మోత మొదలవుతుంది, నడుమ మాత్రం ఎత్తు ఎత్తుగానే మిగులుతుంది. కనుక ఈ పాఠం లేఖక ప్రమాదం. గిటారు లేనివాడెవడో రాసుకున్న ప్రతి అయి ఉంటుంది.

ఈ వంపును సరిచేయడానికే మెడలో ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంది. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూకు దాని మీద 1923లో పేటెంటు వచ్చింది. కుడికి తిప్పితే మెడ నిటారవుతుంది, ఎడమకు తిప్పితే వంగుతుంది.

పూర్వపక్షం: అలాగైతే మెడను గీత గీసినట్టు నిటారుగా చేసేస్తే పోలా? పోదు. మీటిన తంతి నడుమ వెడల్పుగా ఊగుతుంది, ఆ ఊపుకు చోటు కావాలి. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో బిగించి, చివరి ఫ్రెట్ దగ్గర తంతిని నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ మీద సందు కొలిస్తే 0.25 మిల్లీమీటర్లు ఉండాలని ఫెండర్ వారి లెక్క. బైక్ మెకానిక్ వాల్వులకు వాడే ఫీలర్ గేజ్ ఇందుకు చాలు. అసలు సందును ఫెండర్ వారు పదిహేడో ఫ్రెట్ మీద కొలుస్తారు, 1.6 మిల్లీమీటర్లు. ఇంతకంటే దించానని గొప్పలు చెప్పేవాడి గిటారు ఒకసారి వాయించి చూడండి.

మేకు సంగతికొస్తే, 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీతో ఎడమకు తిప్పితే శాడిల్ దిగుతుంది. శాడిల్ ఒక మిల్లీమీటరు దిగితే పన్నెండో ఫ్రెట్ దగ్గర సగమే దిగుతుంది, అది తంతికి నట్టనడుమ గనుక. శాడిల్ నేలనంటినా తంతి ఇంకా ఎత్తుగానే ఉంటే తప్పు మెడ కూర్చున్న కోణానిది. మెడను ఒంటికి పట్టించిన నాలుగు స్క్రూలు విప్పి, మెడ అడుగున బ్రిడ్జి వైపు అంచులో విజిటింగ్ కార్డు ముక్క పెట్టి బిగిస్తే సరి.

శంక. టెక్సస్ ఘనుడు స్టీవీ రే వాన్ 13 నంబరు లావు తంతులు, ఎత్తు యాక్షన్ పెట్టుకుని లోకాన్ని గెలిచాడు కదా, మనకీ దించుడెందుకు? ఆయన వేళ్లు వేరు నాయనా.

మరి జిర్రుమోత దోషమా? తంబురాకు తంతి కింద దారప్పోగు దూర్చి మరీ ఆ జీరను తెప్పించుకుంటాం. గిటారులో అదే జీర నింద. ఆంప్ పెట్టినప్పుడు వినిపించనిది దోషం కాదని మా సిద్ధాంతం. ఒట్టి గిటారుకు చెవి ఆనించి ఏరే దోషాలకు అంతుండదు.

బీటవారేది ఏమిటో కవి చెప్పలేదు. కడ్డీ అని ఒకరు, దాని మర అని ఒకరు, మెడ కర్ర అని మరొకరు. మూడూ నిజమే. ఏది జరిగినా మరమ్మతు ఖర్చు గిటారు ధరను మించవచ్చు గనుక ఏదో తేల్చుకోనక్కర్లేదు.

ఇంతకీ శిష్యుడు ఏడ్చింది ఎఫ్ కార్డు గురించి. అది మొదటి ఫ్రెట్ మీద పట్టేది, శాడిల్ దించినందువల్ల అక్కడ దాదాపు ఏమీ మారదు. ఆ ఎత్తు మెడ తల దగ్గరి నట్ గాడులది. గాడి లోతు చేయాలంటే ఆకురాయి పట్టాలి, ఒక్క రాపిడి ఎక్కువైతే ఏ ఫ్రెట్టూ నొక్కని తంతే జిర్రుమనడం మొదలుపెడుతుంది, అరిగింది తిరిగి రాదు. గురువుగారు దాని ఊసే ఎత్తకపోవడం మౌనవ్యాఖ్యగా గ్రహించాలి.

ఆటవెలదికి నాలుగే పాదాలు కావడంతో ఇంటొనేషన్ కూడా పద్యంలో పట్టలేదు. తంతి దించాక పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్‌నూ, నొక్కి పలికించిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చాలి. నొక్కినది హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకు జరపాలి. తంతులతోపాటు పికప్‌లనూ కాస్త దించాలి. లేకపోతే అయస్కాంతాలు లావు తంతులను లాగి శ్రుతిని వణికిస్తాయి, శిష్యుడు మళ్లీ కడ్డీ మీద పడతాడు.