ఆగకపోయినా సరే, అదరాలి!

మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. ఆ కబురు మన ఆదివారం ఇంజినీర్లకు ఇంకా అందలేదు. సెల్లార్లలో, సందు చివరి వేపచెట్ల కింద వారంవారం ఆ కారు కొత్తగా తయారవుతూనే ఉంది. పనివేళలు టిఫినయ్యాక మొదలై, ఇంట్లోంచి మూడో కేక వినపడేదాకా.

వీళ్ళ వాదన ఒకటే. "కార్బురేటరు బండండీ, సింపులు. కంప్యూటరా పాడా? మెకానిక్కుకి లేబరు దండగ." లెక్క చూస్తే లాభమే మరి! కొన్న పానాల సెట్టు ఖర్చు కాదట, ఆస్తి. రెండోసారి కొన్న గాస్కెట్టు అనుభవం పద్దులోకి పోతుంది. టార్చి పట్టుకున్న కొడుక్కి జీతం లేదు, తిట్లున్నాయి. వాడు వెలుగు ఎటు చూపించినా ఆయనకు కావాల్సింది ఆ పక్కనే.

ఆయిలు మార్చుకోండి, ప్లగ్గులు తుడుచుకోండి, ఎవరు కాదన్నారు? మెచ్చుకోవలసిన పనే. తంటా అంతా ఆ తర్వాత పట్టే అప్‌గ్రేడ్ పూనకంతోనే.

ముందు హెడ్‌లైట్లు. 60/55 వాట్ల బల్బు దీపారాధనకు తప్ప పనికిరాదని తేల్చి 100/90 తగిలిస్తారు. రిలే పెట్టరు, అదొక దండగ. దాంతో ఆ కరెంటంతా స్టీరింగు దగ్గరి ముసలి స్విచ్చులోంచే పారాలి. ప్లాస్టిక్కు కాలిన వాసనొస్తే ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకుంటారు. ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుడతారు. ఇక ఆ ఫ్యూజు జన్మలో పోదు. పోవాల్సి వస్తే వైరింగే పోతుంది.

తర్వాత మైలేజీ. పెట్రోలు పైపుకు అయస్కాంతాలు బిగిస్తే అణువులు ప్రార్థనకొచ్చిన బడిపిల్లల్లా వరసలో నిలబడి బుద్ధిగా కాలతాయట. వీధికో ఇంజినీరింగు కాలేజీ ఉన్న చోట ఈ సరుకు అమ్ముతున్నవాడి ధైర్యానికి మొక్కాలి.

ఇక 796 సీసీ ఇంజినున్న కారు వెనకాల స్పాయిలరు. వేగానికి బండి గాల్లోకి లేవకుండానట! పక్కనుంచి ఆర్టీసీ బస్సు పోతేనే ఊగే బండి అది. డిక్కీలో స్టెప్నీని మూలకు నెట్టి సబ్‌వూఫరు.

ఇంత చేసినవారు బానెట్ కింద ఉన్న బ్రేకాయిలు డబ్బా మూత మాత్రం తీయరు. ఆ ఆయిలు గాల్లోని తేమను తాగుతుంది. డాట్ 3 రకం కొత్తలో 205 డిగ్రీలదాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు అది మరిగి ఆవిరైతే, నొక్కిన పెడలు మెత్తగా నేలకంటుతుంది. అయినా బ్రేకాయిలుకు మెరుపు లేదు, మోత లేదు. మార్చినా పక్కింటాయన "ఎంతయిందండీ?" అని అడగడు.

కంపెనీ ఇచ్చిన రూపురేఖలకు, రిజిస్ట్రేషన్ వివరాలకు పొంతన లేకుండా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. వీళ్ళకు తెలియక కాదు. పదిహేనేళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఫిట్‌నెస్ చూపించాలి, పైగా ఆ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఫెయిలైతే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకని ముందు రోజు రాత్రి ఎయిర్ హారను ఊడుతుంది, స్పాయిలరు మంచం కిందికి పోతుంది, పాత బల్బులు అటకమీంచి దిగుతాయి. మెకానిక్కుని బతిమాలి పిలిచి బ్రేకులు కూడా చేయిస్తారు. లేబరు బేరమాడకుండా ఇస్తారు. ఇన్స్పెక్టరు సంతకం పెట్టిన సాయంత్రానికే, టార్చి పట్టుకోమని కొడుక్కి మళ్ళీ పిలుపొస్తుంది.