ఏప్రిల్ 31న బ్రేకులు బాగున్నాయి

మార్చి 4 వచ్చిందంటే చాలు, ఫ్యాక్టరీల్లో భద్రత పొంగిపొర్లుతుంది. 1966లో జాతీయ భద్రతా మండలి పుట్టిన రోజు మరి! గేటుకి ఫ్లెక్సీ, ఎండలో ప్రతిజ్ఞ, నినాదాల పోటీ, గెలిచినవాళ్లకి స్టీలు టిఫిన్ డబ్బా. పనిలో పనిగా ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్లకి ముప్పావుగంట శిక్షణ. వినేవాళ్లలో సగం శ్రీకాకుళం, సగం ఒడిశా; స్లైడ్లన్నీ ఇంగ్లిషు. ఎవరి మీదా పక్షపాతం చూపలేదు, సంతోషం.

ఒక స్లైడులో త్రిభుజం ఉంటుంది. ముందు చక్రాలు రెండూ, వెనక యాక్సిల్ నడిమి పిన్నూ దాని మూలలు. బండీ లోడూ కలిసిన భారకేంద్రం ఆ గీతల లోపల ఉన్నంతవరకే బండి నిలబడుతుంది. ఇంతలో లంచ్ టైమవుతుంది, 'నెక్స్ట్' అంటారు. లోడు పైకెత్తి మలుపు తిప్పితే ఏమవుతుందన్నది గోడౌన్‌లో బండే నేర్పుతుంది లెండి.

బండి ఒరిగితే దూకకూడదు. బెల్టు ఉండాలి, స్టీరింగు గట్టిగా పట్టుకోవాలి, కాళ్లు తన్నిపెట్టి, బండి పడే వైపుకి ఎదురుగా ఒరగాలి. ప్రాణం మాత్రం దూకెయ్ అంటుంది. దూకినవాడి మీదే తల పైన ఉండే ఇనుప చట్రం పడుతుంది. ప్రాణం మాట వినకుండా ఉండడం స్లైడు చూస్తే రాదు. సీట్లో కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ చేయించాలి. దానికి బండి ఖాళీ లేదట, డిస్పాచ్ ఆగిపోతుందట!

లిఫ్టింగ్ పాఠం ఇంకా పొట్టిది: "జాగ్రత్తగా కట్టండి." రెండు కాళ్ల స్లింగు నేలకి 30 డిగ్రీలంత పల్చగా పరుచుకుంటే ఒక్కో కాలి మీదా మొత్తం లోడంత లాగుడు పడుతుందని చెప్పే నాథుడు లేడు. ఇక హైడ్రా క్రేను ముందు, ఊగే లోడుని చేత్తో పట్టుకుని వెనక్కి నడిచే కుర్రాడు ఆ హాలు గడపే తొక్కలేదు. వాడు కాంట్రాక్టరు మనిషి. విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డులో 2020 ఆగస్టు 1న 70 టన్నుల క్రేను పరీక్షిస్తుండగానే కూలి 11 మంది పోయారు. ఆ తర్వాత చాలాచోట్ల పెరిగింది ఫ్లెక్సీ సైజే.

అలాగని ఈ శిక్షణ దండగ అంటే పాపం. ఒక్క పని మాత్రం నిక్కచ్చిగా జరుగుతుంది: సంతకం. నైట్ షిఫ్టు చేసి గదిలో నిద్రపోతున్నవాడి సంతకం కూడా పడుతుంది. ప్రమాదం జరిగిన రోజు స్ట్రెచరు కన్నా ముందు ఆ రిజిస్టరు పరిగెత్తుకొస్తుంది. 'ఆపరేటర్ శిక్షణ పొందినవాడే. అతని నిర్లక్ష్యం వల్లే...' అని విచారణ మొదలవుతుంది. అంటే బతికుండగా వాణ్ణి కాపాడని కాగితం, పోయాక వాడి మీదే సాక్ష్యం చెబుతుంది.

బండి పక్కనే వేలాడే రోజువారీ చెక్‌లిస్టు ఇంకో అద్భుతం. బ్రేకు, హారన్, టైరు, ఆయిలు లీకు, అన్నిటికీ నెల మొదట్లోనే ఒకే పెన్నుతో, ఒకే ఊపులో టిక్కులు. అందుకే కొన్ని బండ్ల బ్రేకులు ఏప్రిల్ 31న కూడా భేషుగ్గా పనిచేస్తాయి.